గన్నేరు విషం తిని బతికే చిమ్మట

కోల్‌కతాలో సాల్ట్ లేక్ వీధుల వెంట నడిస్తే ఇంటి ముందు పచ్చని కంచెలు కనిపిస్తాయి. కొన్ని గోడకు బదులుగా పెంచినవి, కొన్ని గోడకు తోడుగా పెంచినవి. వాటిలో తెల్లపూల నందివర్ధనానిది పెద్ద వాటా. బెంగాలీలు దాన్ని టొగొర్ అంటారు, తెల్లారకముందే పూజకు కోసుకుపోతారు. దాని పక్కనే గన్నేరు, దాని పాదాల దగ్గర బిళ్ళగన్నేరు. జూన్‌లో వానలు పడి కంచె కొత్త చిగుళ్ళు వేశాక, ఏదో ఒక ఉదయం అందులో ఒక కొమ్మ బోసిగా తేలుతుంది. ముందురోజు దాకా ఆకులున్న చోట తొడిమలు తప్ప ఏమీ ఉండవు. కింద గచ్చు మీద ముదురు రంగు గుళికలు రాలి ఉంటాయి. మాలీ పురుగుల మందు డబ్బా కోసం వెళతాడు.

అతను తిరిగి వచ్చేలోగా ఆ గుళికలను ఒకసారి వంగి చూడాలి. కంచెలో ఉన్నదెవరో సగం సంగతి అవే చెబుతాయి.

అవి గొంగళిపురుగు రెట్టలు. చాలా పురుగుల రెట్టలు ఆకారం లేని పొడిలా ఉంటాయి. ఇవి అలా కావు. ఒక్కొక్కటీ పొట్టి పీపా ఆకారంలో ఉండి, పొడవునా ఆరు గాళ్ళు తీసి ఉంటుంది. హాక్ మాత్ అనే చిమ్మటల కుటుంబానికి ఇది గట్టి గుర్తు. లోపల పేగు చివరి భాగం గోడల మడతలు అచ్చులా పనిచేసి ఈ ఆకారం ఇస్తాయి. రెట్ట అర సెంటీమీటరు దాకా ఉంటే పురుగు బాగా ఎదిగిందని, కొద్ది రోజుల్లో కంచె విడిచి కిందికి దిగబోతోందని అర్థం. నందివర్ధనం కిందో, గన్నేరు కిందో ఇలాంటి రెట్టలు కనబడితే పైన ఉన్నది దాదాపుగా గన్నేరు చిమ్మట గొంగళే. శాస్త్రీయ నామం డాఫ్నిస్ నీరియై. గన్నేరు ప్రజాతి పేరు నీరియం మీదుగా 1758లో లినేయస్ పెట్టిన పేరిది.

రెట్టల మీదుగా తల ఎత్తి చూసినా పురుగు వెంటనే దొరకదు. ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవు, మనిషి చిటికెన వేలు మందం ఉన్న ప్రాణి కళ్ళెదుటే కొమ్మను పట్టుకుని ఉంటుంది, అయినా కనబడదు. ఒళ్ళు కంచె ఆకుల రంగే. పక్కల వెంట ఒక తెల్లని చార, దాని చుట్టూ చల్లినట్టు చిన్న చిన్న తెల్ల చుక్కలు. తోక వైపు పసుపు రంగులో పొట్టి కొమ్ము ఒకటి కిందికి వంగి ఉంటుంది. ఆ కొమ్ము కుట్టదు, గుచ్చదు. ఒంటి మీద దురద పెట్టే వెంట్రుకలు కూడా లేవు. బెంగాలీ ఇళ్ళలో షుయోపోకా అన్న మాట వింటేనే పిల్లల్ని లోపలికి లాక్కుంటారు, తెలుగు ఇళ్ళలో గొంగళిపురుగంటే ఒళ్ళు జలదరిస్తుంది. దురద పుట్టించే నూగు గొంగళ్ళ విషయంలో ఆ భయం సబబే. నున్నని ఒంటితో, తోక మీద కొమ్ముతో ఉన్న ఈ రకం విషయంలో అక్కర్లేదు.

ఇదే కంచెల మీద మరికొందరు కూడా బతుకుతారు కాబట్టి గుర్తుపట్టడంలో కాస్త జాగ్రత్త కావాలి. నందివర్ధనం ఆకులు రెండు మూడు కలిపి దారంతో అతికినట్టు ముడుచుకుని, లోపల సన్నని ఆకుపచ్చ పురుగు ఉంటే అది పారోటిస్ అనే మరో చిమ్మటది. దాని పెద్ద పురుగు కూడా లేత ఆకుపచ్చ రెక్కలతో అందంగానే ఉంటుంది, కానీ హాక్ మాత్‌లో మూడో వంతు కూడా ఉండదు. గన్నేరు మీద అడ్డచారలతో, ఒంటి మీద నాలుగు జతల పొడవాటి నల్లని మెత్తటి పోగులతో కనిపించేది చిమ్మటే కాదు, కామన్ క్రో అనే సీతాకోకచిలుక గొంగళి. అది కొన్నాళ్ళకు ఆకు కింద వెండి బంగారు మెరుపుతో వేలాడే ప్యూపా అవుతుంది. రంగన్ అని బెంగాలీలు పిలిచే నూరువరహాల కంచె మీద తోకకొమ్ము పురుగు ఉంటే, అది తేనెటీగను తలపించే పారదర్శకమైన రెక్కలున్న మరో హాక్ మాత్ అయ్యే అవకాశం ఎక్కువ. గన్నేరు చిమ్మటకు అతి దగ్గరి బంధువు డాఫ్నిస్ హైపోథౌస్ కదంబం కుటుంబపు చెట్ల మీద పెరుగుతుంది. పెద్ద పురుగులు రెండూ ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ముందు రెక్క కొసన చిన్న తెల్లచుక్క ఉండి, ఒళ్ళంతా ముదురు రంగులో ఉంటే అది హైపోథౌస్.

భారతదేశంలో సీతాకోకచిలుకల జాతులు 1,300 పైచిలుకు ఉంటే చిమ్మటల జాతులు 10,000 దాటుతాయి. అన్నింటినీ రెక్కల మీది గీతలు చూసి గుర్తుపట్టడం నిపుణులకే కష్టం. అయితే చాలా చిమ్మటలు గొంగళి దశలో ఏదో కొద్దిపాటి మొక్కలనే తింటాయి. ఏ మొక్క మీద దొరికిందో తెలిస్తే వేల పేర్లు పదుల్లోకి వచ్చేస్తాయి. దీపం చుట్టూ తిరిగే చిమ్మటను పట్టుకుని పేరు వెతకడం కన్నా, కంచెలో ఆకు తింటున్న గొంగళిని చూసి దాని జీవితాన్ని వెంబడించడం మామూలు మనిషికి సులువైన దారి, ఎక్కువ నేర్పే దారి కూడా. ఈ పద్ధతికి కోల్‌కతాలో పాత చరిత్ర ఉంది.

ఆ చరిత్రకు మొదట్లోనే ఒక తెలుగు ఊరు తగులుతుంది. గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో 1780లలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా ఉన్న విలియం రాక్స్‌బర్గ్ అక్కడ తోట వేసి మొక్కలను పరిశీలించాడు. స్థానిక చిత్రకారుల చేత వాటి బొమ్మలు గీయించాడు, తెలుగు పేర్లతో సహా రాసుకున్నాడు. లక్కపురుగు మీద ఆయన రాసిన పత్రం 1791లో లండన్‌లో అచ్చయింది. 1793లో ఆయన కోల్‌కతా బొటానికల్ గార్డెన్ బాధ్యత తీసుకున్నాడు. హుగ్లీ నదికి ఆవల శిబ్‌పూర్‌లో నేటికీ ఉన్న తోట అది. బెంగాల్ టసర్, ఆముదపు పట్టుపురుగుల మీద ఆయన రాసిన వివరణ లండన్ లినియన్ సొసైటీ సంపుటాల్లో వచ్చింది. గుడ్డు ఎక్కడ పెడుతుంది, పురుగు ఏ ఆకు తింటుంది, గూడు ఎలా కడుతుంది అని వరసగా చెప్పే పద్ధతి అందులో కనిపిస్తుంది. రాక్స్‌బర్గ్ ప్రధానంగా వృక్షశాస్త్రజ్ఞుడు. చిమ్మట కథ ఆకుతో మొదలవుతుందని ఆయనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

తర్వాతి తరంలో ఆర్థర్ గ్రోట్ వచ్చాడు. పగలు కంపెనీ రెవెన్యూ వ్యవహారాలు చూసే ఈ అధికారి మొక్కల మీద, పురుగుల మీద ఆసక్తితో ఏషియాటిక్ సొసైటీ అధ్యక్షుడయ్యేదాకా వెళ్ళాడు. బెంగాల్ గొంగళ్ళను గమనించి, వాటి రూపాంతరాల వివరాలు లండన్‌లో కీటకశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ మూర్‌కు అందించాడు. కోల్‌కతాలో విద్యాశాఖ అధికారిగా పనిచేసిన విలియం స్టీఫెన్ అట్కిన్సన్ పెద్ద చిమ్మటల సేకరణ కూడబెట్టాడు. ఆయన చనిపోయాక అందులోని కొత్త జాతుల వర్ణనలు గ్రోట్ ముందుమాటతో 1879 నుంచి 1888 మధ్య పుస్తకంగా వచ్చాయి. అసలు నమూనాలు మాత్రం ఐరోపాకు వెళ్ళిపోయాయి. బెంగాల్ పురుగును చూడటానికి బెర్లిన్‌కో లండన్‌కో పోవలసిన పరిస్థితి అలా ఏర్పడింది. అది ఈ దేశానికి నిజమైన నష్టం. 1916 జులై 1న కోల్‌కతాలో జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఏర్పడటం ఆ నష్టాన్ని కొంత పూడ్చింది. ఇండియన్ మ్యూజియం నుంచి మొదలైన ఆ సంస్థ కేంద్ర కార్యాలయం ఇప్పుడు న్యూ అలీపూర్‌లో ఉంది.

హాక్ మాత్‌ల విషయంలో ఇప్పటికీ అందరూ తిరగేసే పుస్తకం 1937లో వచ్చింది. కార్వార్ అడవుల్లో పనిచేసిన టి.ఆర్.డి. బెల్, అస్సాం వైపు పనిచేసిన ఎఫ్.బి. స్కాట్ కలిసి రాసిన సంపుటమది. చచ్చిన చిమ్మటల రెక్కలు చూసి ఊరుకోకుండా, గొంగళ్ళను ఇంట్లో పెంచి గుడ్డు నుంచి ప్యూపా దాకా ప్రతి దశనూ వర్ణించారు. అందుకే ఆ పుస్తకం పాతబడలేదు.

మాతృభాషలో ఈ పని చేసిన ఒక బెంగాలీని ఇక్కడ తలుచుకోవాలి. గోపాలచంద్ర భట్టాచార్య (1895–1981) కళాశాల చదువు పూర్తి చేయలేకపోయినా జగదీశ్‌చంద్ర బోస్ పిలుపుతో బోస్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, చీమలు, సాలీళ్ళు, గొంగళ్ళను ఏళ్ళ తరబడి పరిశీలించాడు. చూసింది బెంగాలీ పత్రికల్లో సామాన్యుల కోసం రాశాడు. ఆయన పుస్తకం 'బాంగ్లార్ కీట్‌పతంగ' 1975లో రవీంద్ర పురస్కారం అందుకుంది. పురుగుల గురించి రాసిన పుస్తకానికి ఒక రాష్ట్రపు పెద్ద పురస్కారం రావడం చిన్న విషయం కాదు. తెలుగులోనూ అలాంటి పుస్తకం రావలసి ఉంది.

ఇక కంచెకు తిరిగి వద్దాం.

ఆడ చిమ్మట చీకటి పడ్డాక గుడ్లు పెడుతుంది. అన్నీ ఒకేచోట కుప్పగా పెట్టదు. ఆకుకొకటి చొప్పున, పైనో కిందో అంటించి పోతుంది. ఒంటరిగా, విడిగా ఉన్న పొదలంటే దానికి ఇష్టం. గుడ్డు ఒకటిన్నర మిల్లీమీటర్ల వ్యాసంతో, లేత ఆకుపచ్చగా, ఇంచుమించు గుండ్రంగా ఉంటుంది. వానాకాలపు వేడిలో నాలుగైదు రోజుల్లో పొదుగుతుంది. బయటికొచ్చిన పిల్ల మూడు నాలుగు మిల్లీమీటర్లే ఉంటుంది, రంగు పసుపు. దాని తోకకొమ్ము మాత్రం ఒంటితో పోలిస్తే ఎంతో పొడవుగా, సన్నగా, నల్లగా ఉంటుంది. ఎదిగేకొద్దీ ఒళ్ళు పెరుగుతుంది, కొమ్ము అంతే వేగంగా పెరగదు. అందుకే చివరి దశలో అది పొట్టిగా కనిపిస్తుంది.

చర్మం సాగదు కాబట్టి ఎదగాలంటే కుబుసం విడవాలి. ఈ గొంగళి నాలుగుసార్లు కుబుసం విడిచి ఐదు దశలు దాటుతుంది. ప్రతిసారీ ముందు మేత మానేసి, ఆకుకో కొమ్మకో అతుక్కుని కదలకుండా ఉండిపోతుంది. హిందూపురం వైపు పట్టుపురుగులు పెంచే రైతులు తమ పురుగుల్లో ఈ దశను జ్వరం అంటారు, ఎన్ని జ్వరాలు దాటిందన్న లెక్కతోనే పురుగు వయసు చెబుతారు. కంచెలో కదలని గొంగళిని చూసి చచ్చిందనుకుని ఊడబెరికితే దాని కాళ్ళు తెగి నిజంగానే చస్తుంది. ముట్టకుండా ఉంటే మర్నాటికల్లా పాత తోలు వదిలి మళ్ళీ ఆకు మీదికి వస్తుంది.

చివరి దశలో దాని మెడ దగ్గర, అంటే వక్షభాగపు మూడో ఖండం మీద, రెండు కళ్ళు ఏర్పడతాయి. నిజమైన కళ్ళు కావు. నల్లని అంచు, నీలి వలయం, మధ్యలో తెలుపు ఉన్న రెండు పెద్ద మచ్చలు. మామూలుగా చర్మపు మడతల్లో అవి సగం దాగి ఉంటాయి. పిట్ట ముక్కు తగిలితే గొంగళి తల లోపలికి లాక్కుని, ఆ భాగాన్ని ఉబ్బిస్తుంది. మచ్చలు విచ్చుకుంటాయి. ఆకుల మధ్య నుంచి ఒక పాము తల చూస్తున్నట్టు అవుతుంది. గోరింకకో పెద్ద నల్లంచి పిట్టకో ఒక క్షణం సందేహం పుడితే చాలు, పురుగు బతికిపోతుంది. పరాన్నజీవులైన కందిరీగలు, ఈగల ముందు మాత్రం ఈ వేషం పనికిరాదు. గుడ్డులోనే గుడ్డు పెట్టేవి కొన్ని, గొంగళి ఒంట్లోకి పిల్లల్ని ఎక్కించేవి కొన్ని. పెట్టిన గుడ్లలో చాలా తక్కువే రెక్కల దాకా చేరతాయి.

అసలు ఆశ్చర్యం దాని తిండిలో ఉంది. గన్నేరు ఆకును మేక ముట్టదు, ఆవు ముట్టదు. అందులోని ఒలియాండ్రిన్ వంటి విషాలు గుండెను దెబ్బతీస్తాయి. ప్రతి జంతుకణం పొరలోనూ సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి తోసే పంపు వంటి ప్రోటీన్ ఒకటుంది. నరం సంకేతం పంపాలన్నా, గుండె లయగా కొట్టుకోవాలన్నా అది ఆడుతూ ఉండాలి. గన్నేరు విషం సరిగ్గా దానికే అడ్డుపడుతుంది. మరి గొంగళి ఎలా తింటోంది?

అమెరికా మోనార్క్ సీతాకోకచిలుక విషయంలో జవాబు ముందే దొరికింది. ఆ జాతిలో పంపు ఆకారమే మారిపోయింది, విషం దానికి అతుక్కోలేదు. గన్నేరు చిమ్మటలోనూ అలాగే జరిగి ఉంటుందని అందరూ అనుకున్నారు. జర్మనీలోని హాంబర్గ్ విశ్వవిద్యాలయంలో గెయోర్గ్ పెచెంకా, సుసానె డోబ్లర్ పరీక్షించి 2009లో ప్రచురించిన ఫలితం వేరుగా వచ్చింది. ఈ గొంగళి పంపు విషానికి ఏమాత్రం తట్టుకోలేదు, సులువుగా లొంగిపోయింది. అంటే రక్షణ మరెక్కడో ఉంది. 2013లో వాళ్ళ బృందమే దాన్ని చూపించింది. గొంగళి నరాల తాడు చుట్టూ ఒక పొర ఉంటుంది. కొన్ని రకాల విషాన్ని ఆ పొరే లోపలికి రానివ్వదు, చొరబడగల వాటిని తిరిగి బయటికి నెట్టేసే ఏర్పాటు ఉంది. తాళం మార్చకుండా తలుపు దగ్గరే కాపలా పెట్టిన పద్ధతి ఇది. ఒకే సమస్యకు రెండు కీటకాలు రెండు దారులు వెతుక్కున్నాయి.

కోల్‌కతా కంచెల్లో ఇది ఎక్కువగా తినే నందివర్ధనంలో గన్నేరు విషం ఉండదు. అక్కడ ఇంకో రకం రసాయనాలు, ఆల్కలాయిడ్లు, పాలలో కలిసి ఉంటాయి. బిళ్ళగన్నేరులో ఉండే ఆల్కలాయిడ్ల నుంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందులు తీశారు. ఆ ఆకులనూ ఈ గొంగళి తింటుంది. ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు కాబట్టి దాని నోటికి అవన్నీ పరిచితమే. పెద్ద అడవులు లేని మహానగరంలో అది నిలదొక్కుకోవడానికి కారణం కూడా ఇదే. మనిషి అందం కోసం, పూజ కోసం నాటుకున్న మొక్కలే దాని అడవి అయ్యాయి.

రెండు మూడు వారాలు తిన్నాక గొంగళి రంగు మారుతుంది. ఆకుపచ్చ పోయి వీపంతా నారింజ కలిసిన ముదురు గోధుమ రంగు వస్తుంది. చూసినవాళ్ళు దీన్ని వేరే పురుగు అనుకుంటారు, రోగం వచ్చిందని కూడా అనుకుంటారు. అది కంచె దిగి నేల మీద నడవడానికి వేసుకున్న రంగు. ఎండుటాకుల మధ్య చోటు వెతుక్కుని, వాటిని పలచని పట్టుపోగులతో అతికించి గూడు చేసుకుంటుంది, లోపల ప్యూపాగా మారుతుంది. ప్యూపా ఆరు సెంటీమీటర్లకు అటూ ఇటూగా, లేత గోధుమ రంగులో, పక్కల నల్ల చుక్కలతో ఉంటుంది. కంచె కింద రోజూ ఊడ్చి ఆకులు తగలబెట్టే ఇంట్లో చిమ్మటలు ఎందుకు కనిపించవో దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్యూపా లోపల జరిగేదాన్ని విశ్రాంతి అనడం తప్పు. గొంగళి కండరాలు, పేగులు చాలా వరకు కరిగిపోతాయి. పుట్టుక నుంచీ ఒంట్లో నిద్రపోతున్న కణాల ముద్దలు రెక్కలుగా, కాళ్ళుగా, పెద్ద కళ్ళుగా పెరుగుతాయి. ఇంత విధ్వంసంలో పాత జీవితపు జ్ఞాపకం ఏదైనా మిగులుతుందా? అమెరికాలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇదే కుటుంబానికి చెందిన పొగాకు హాక్ మాత్ మీద పరీక్ష చేసి 2008లో ఫలితం ప్రకటించారు. ఒక వాసన వచ్చినప్పుడల్లా చిన్న విద్యుత్ షాక్ ఇచ్చి ఆ వాసనను తప్పించుకోవడం గొంగళికి నేర్పారు. చివరి దశలో నేర్చుకున్న గొంగళి చిమ్మట అయ్యాక కూడా ఆ వాసనకు దూరం జరిగింది. శరీరం మారినా పాఠం మిగిలింది.

వేడి రోజుల్లో సుమారు రెండు వారాలకు ప్యూపా చిట్లుతుంది, చలికాలంలో ఇంకా ఆలస్యం. బయటికొచ్చిన చిమ్మట ఏదైనా నిలువు పుల్ల ఎక్కి, నలిగిన రెక్కల్లోకి రక్తం ఎక్కించి విప్పుతుంది. అది ఆరేదాకా కదపకూడదు. ఆరాక కనిపించే జంతువు గన్నేరు పూలంత అందమైంది. రెక్కల చాపు 9 నుంచి 11 సెంటీమీటర్లు. ముందు రెక్కల నిండా ముదురు, లేత ఆకుపచ్చలు పాలరాతి చారల్లా కలిసిపోయి ఉంటాయి, మధ్యలో గులాబీ రంగు, తెలుపు పట్టీలు. రెక్క మొదట్లో తెల్లటి అంచులో ముదురు చుక్క ఒకటి ఉంటుంది. వెనక రెక్కలు మాసిన బూడిద రంగు, వాటి మీద అడ్డంగా ఒక తెల్లని గీత. పగలు ఆకుల్లో రెక్కలు పరిచి కూర్చుంటే మనిషి చెయ్యి తగిలేదాకా పోల్చుకోవడం కష్టం.

సంధ్య వేళ అది ఎగరడానికి ముందు రెక్కలను వణికిస్తుంది. చలికి కాదు. ఎగిరే కండరాలు బాగా వేడెక్కితేనే దాని బరువును మోయగలవు. తర్వాత గాలిలో ఒకేచోట నిలబడి, గడియారపు స్ప్రింగులా చుట్టి ఉన్న నాలుకను విప్పి మల్లెల నుంచి, పెటూనియాల నుంచి తేనె పీలుస్తుంది. చీకట్లో పువ్వును ఎలా వెతుకుతుంది అన్నదానికి సగం జవాబు 2002లో స్వీడన్ నుంచి వచ్చింది. ఈ కుటుంబానికి చెందిన ఒక చిమ్మట నక్షత్రాల వెలుతురులో కూడా రంగులు పోల్చగలదని ఆల్మట్ కెల్బర్ బృందం రుజువు చేసింది. ఆ వెలుతురులో మన కంటికి లోకమంతా నలుపూ తెలుపే.

గాలిలో నిలకడ సంగతి బెంగళూరులో తేలుతోంది. అక్కడి నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ (ఎన్‌సీబీఎస్)లో సంజయ్ సానే ప్రయోగశాల గన్నేరు చిమ్మటలను పెంచి, వాటి మీసాలు ఎగురుతున్నప్పుడు ఎలా పనిచేస్తాయో చూస్తోంది. మీసాల మొదట్లో ఉన్న సూక్ష్మమైన అవయవం ఒళ్ళు ఎటు తిరుగుతోందో, గాలి ఎంత వేగంగా తగులుతోందో చిమ్మటకు తెలియజేస్తుంది. మన దేశపు కంచెల్లో తిరిగే పురుగు ప్రపంచస్థాయి విజ్ఞానానికి నమూనా అయిందన్నమాట.

దీని గురించి ఇటీవల తెలిసిన ఇంకో విషయం అన్నిటికన్నా విచిత్రం. పురుగులు దీపం చుట్టూ ఎందుకు తిరుగుతాయన్న ప్రశ్నకు 2024 జనవరిలో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఒక జవాబు వచ్చింది. శామ్యూల్ ఫేబియన్, యశ్ సోంధీ తదితరులు వేగంగా తీసే కెమెరాలతో చిత్రించి, పురుగులు దీపం వైపు ఆకర్షణతో పోవడం లేదని చూపారు. ఆకాశమే వెలుతురు వచ్చే దిక్కు అన్న లెక్కతో ఎగిరే పురుగులు వీపును దీపం వైపు తిప్పుతాయి, అందుకే దాని చుట్టూ చిక్కుకుపోతాయి. పరీక్షించిన వాటిలో ఈ నియమానికి లొంగని రెండు కీటకాల్లో ఒకటి గన్నేరు చిమ్మట. రెండోది పండ్ల మీద వాలే డ్రోసోఫిలా ఈగ. దీపం కింద ఉన్నా గన్నేరు చిమ్మట తలకిందులు కాకుండా దాని మీదుగా ఎగిరిపోయింది. ఈ మొండితనానికి కారణం ఇంకా వెతుకుతున్నారు.

అంత గట్టి ఎగిరే శక్తి ఉంది కాబట్టే అది దేశాలు దాటుతుంది. ఆఫ్రికా, దక్షిణాసియా దీని సొంత ఇళ్ళు. వేసవిలో మధ్యధరా సముద్రం దాటి ఐరోపాలోకి వెళుతుంది, ఎప్పుడైనా ఒకటి అరా ఇంగ్లండ్ దాకా చేరుతుంది. అక్కడ చలికాలం తట్టుకోలేదు. మన దగ్గర ఆ బాధ లేదు. కోల్‌కతా నుంచి చెన్నై దాకా తూర్పు తీరం వెంట సాగే 16వ నంబరు జాతీయ రహదారి మధ్య పట్టీల్లో ఎన్నో చోట్ల గన్నేరు నాటారు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా బస్సు కిటికీలోంచి చూసినవాళ్ళకు ఆ ఎరుపు, తెలుపు పూల వరస తెలుసు. కోల్‌కతా కంచెలో పెరిగే చిమ్మట బతకడానికి కావలసినది మన ఊళ్ళలోనూ ఉంది. విజయవాడలో, విశాఖలో, హైదరాబాద్‌లో పెరటి నందివర్ధనం మీద వెతికితే దొరుకుతుంది.

ఒకటి రెండు గొంగళ్ళను ఇంట్లో పెంచి చూడటం పిల్లలకు మంచి పాఠం. గాలి ఆడే వలమూత ఉన్న పెట్టె, అడుగున నాలుగు వేళ్ళ మందం ఎండుటాకులు, రోజూ కొత్త ఆకు ఉంటే చాలు. ఏ మొక్క మీద దొరికిందో ఆ ఆకే వేయాలి, మధ్యలో మార్చకూడదు. నర్సరీ నుంచి అప్పుడే కొన్న మొక్క ఆకు వేయకూడదు, మందు కొట్టి ఉండవచ్చు. గన్నేరు ఆకు ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పసిపిల్లలను ఆ ఆకు నోట పెట్టుకోనివ్వకూడదు. చిమ్మట బయటికొచ్చిన సాయంత్రం దాన్ని ఆ కంచె దగ్గరే వదిలేయాలి. ఏటా జులై చివరి వారంలో 2012 నుంచి జరుగుతున్న నేషనల్ మాత్ వీక్‌లో మన దేశం నుంచి ఎందరో పాల్గొంటున్నారు. తేదీ, ఊరు, మొక్క పేరు రాసి పెట్టిన ఒక ఫోటో నిపుణులకు బాగా పనికొస్తుంది. మొక్క పేరు లేని ఫోటో విలువ సగమే.

కంచె సంగతికొస్తే, పది పదిహేను గొంగళ్ళు తిన్నా ఎదిగిన నందివర్ధనం చావదు. ఆకు పోయిన కొమ్మ కొన్ని వారాల్లో మళ్ళీ చిగురిస్తుంది, గొంగళ్ళు కూడా ఆలోగా నేల మీదికి దిగిపోతాయి. చిన్న కుండీ మొక్కయితే పురుగును చేత్తో తీసి పెద్ద పొద మీద వదిలితే సరిపోతుంది. మందు కొడితే గొంగళితో పాటు దాన్ని అదుపులో పెట్టే కందిరీగలు, పూల మీది తేనెటీగలు కూడా పోతాయి, తర్వాతి విడత పురుగులకు అడ్డు లేకుండా పోతుంది. అపార్టుమెంట్ల సంఘాలు, పార్కుల నిర్వాహకులు రెండు పనులు చేయాలి. వానాకాలంలో కంచెనంతా ఒకేరోజు కత్తిరించకుండా సగం సగంగా కత్తిరించాలి. దాని మొదట్లో అడుగు వెడల్పున రాలిన ఆకులను ఊడ్చేయకుండా జనవరి దాకా ఉండనివ్వాలి.